యురేనియం లేని గదిలో యురేనియం పట్టిక: ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

మా భౌతికశాస్త్ర ప్రయోగశాలలో గామా కిరణాలను కొలిచే పరికరం ఒక్కటే. రెండంగుళాల సోడియం అయొడైడ్ స్ఫటికం, దాని వెనక ఫోటోమల్టిప్లయర్ గొట్టం, 1024 ఛానళ్ల విశ్లేషకం, చుట్టూ సీసం ఇటుకలు. ఏటా ఎమ్మెస్సీ విద్యార్థులు వచ్చి సీజియం-137, కోబాల్ట్-60 వర్ణపటాలు (ఏ శక్తి గామాలు ఎన్ని వచ్చాయో చూపే గ్రాఫులు) గీసుకుని, రికార్డు పుస్తకంలో సంతకం పెట్టించుకుని వెళ్లిపోతారు. ఈసారి ఇద్దరు ప్రాజెక్టుకు నా దగ్గర చేరారు. వాళ్లకు ఇచ్చిన పని ఇది: యురేనియం, థోరియం, వీలైతే ప్లుటోనియం గామా వర్ణపటాలను గుర్తుపట్టడానికి కావలసిన ఆధార డేటాను ఒకచోట చేర్చాలి. మాకే కాదు, ఇలాంటి చిన్న డిటెక్టరు ఉన్న ఏ కాలేజీకైనా అది పనికిరావాలి.

చిక్కు మొదటిరోజే ఎదురైంది. మా దగ్గర యురేనియం లేదు, ఉండకూడదు కూడా. మన అణుశక్తి చట్టాల కింద యురేనియం, థోరియం నిర్దేశిత పదార్థాలు, అంటే ప్రభుత్వ నియంత్రణ జాబితాలోవి. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన విద్యార్థిని, "మా వైపు ఇసుకలోనే మోనజైట్ ఉంటుంది కదా సార్, ఒక డబ్బాడు పట్టుకొస్తే సరిపోదా?" అని అడిగింది. భావనపాడు, కళింగపట్నం, భీమునిపట్నం తీరాల నల్ల ఇసుకలో మోనజైట్ ఉన్న మాట నిజమే. మన దేశపు మోనజైట్‌లో థోరియం ఆక్సైడ్ 8, 9 శాతం ఉంటుంది, యురేనియం ఆక్సైడ్ 0.3 శాతం వరకు ఉంటుంది. కానీ మోనజైట్ కూడా ఆ జాబితాలోనిదే. డబ్బా ఆలోచనను అక్కడితో ఆపేశాం.

కాబట్టి ఇతరులు కొలిచి పంచుకున్న వర్ణపటాలే మాకు దిక్కు. అందువల్ల ఈ ప్రాజెక్టులో కొలవడం సగం పని, ఇతరుల కొలతను నమ్మవచ్చో లేదో తేల్చుకోవడం మిగతా సగం. రెండో సగమే ఎక్కువ పని పెడుతుందని మొదటి వారంలోనే అర్థమైంది.

జూన్, మూడో వారం

శక్తి ప్రమాణానికి కిలో ఎలక్ట్రాన్ వోల్టు అని ప్రతిసారీ రాయలేం కాబట్టి ఇక్కడినుంచి కేఈవీ అంటాను.

ముందుగా అంకెలు చేర్చే పని. ప్రతి ఐసోటోపుకూ మూడు విషయాలు కావాలి: అర్ధాయువు, గామా కిరణం శక్తి, వంద క్షయాలకు ఆ గామా ఎన్నిసార్లు వెలువడుతుందన్న తీవ్రత. ఇవి దొరికే చోట్లు కొన్ని ఉన్నాయి. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాల నిర్వహించే కేంద్రకాల డేటా భాండారం, దాన్ని వెతికి చూపించే నుడాట్. వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వారి లైవ్‌చార్ట్. ఫ్రాన్స్‌లోని హెన్రీ బెకెరెల్ ప్రయోగశాల సమన్వయంతో నడిచే క్షయ డేటా మూల్యాంకన ప్రాజెక్టు. ఈ చివరిది నాకు నచ్చుతుంది. ఒక్కొక్క ఐసోటోపుకు ఎవరెవరి కొలతలు తీసుకున్నారో, వేటిని ఎందుకు పక్కన పెట్టారో విడిగా వ్యాఖ్య రాసి పెడతారు.

విద్యార్థులు ఈ మూడింటి నుంచీ, మా లైబ్రరీలోని పాత సంకలనాల నుంచీ అంకెలు ఎక్కించుకొచ్చారు. చాలావరకు కలిశాయి. (ఒక నిర్దిష్ట శక్తి ఉన్న గామాను రేఖ అంటాం, వర్ణపటంలో అది శిఖరంగా కనిపిస్తుంది.) సీజియం 661.7 కేఈవీ రేఖకు 85.1 శాతం, పొటాషియం-40 రేఖ 1460.8కి 10.66 శాతం. యురేనియం-235 ముఖ్యరేఖ 185.7కు ఒకచోట 57.0, మరోచోట 57.2. అలాంటి తేడా మా డిటెక్టరు అనిశ్చితి ముందు లెక్కలోకే రాదు.

కలవనిది ఒకటి గట్టిగా తగిలింది. యురేనియం-238 తానుగా చెప్పుకోదగ్గ గామా కిరణమేదీ విడుదల చేయదు. దాన్ని దాని సంతానం ద్వారా గుర్తుపట్టాలి: 24.1 రోజుల అర్ధాయువున్న థోరియం-234, దాని నుంచి పుట్టి నిమిషం పైచిలుకు మాత్రమే నిలిచే ప్రొటాక్టినియం-234ఎం. శుద్ధి చేసిన యురేనియంలో నాలుగైదు నెలలకు ఇవి తల్లితో సమతాస్థితికి వస్తాయి, అంటే తల్లి ఎన్నిసార్లు క్షయమైతే ఇవీ అన్నిసార్లు క్షయమవుతాయి. ప్రొటాక్టినియం విడుదల చేసే 1001 కేఈవీ కిరణానికి శక్తి ఎక్కువ కాబట్టి డబ్బా గోడలను దాటి వస్తుంది. యురేనియం-238 ఎంత ఉందో చెప్పడానికి అందరూ ఆధారపడే రేఖ అదే. దాని తీవ్రత ఇప్పటి మూల్యాంకనాల్లో 0.84 శాతం దగ్గర ఉంటే, పాత సంకలనంలో 0.59 అని ఉంది.

తేడా ఎంతో పలకమీద లెక్క వేయించాను. ఒక గ్రాము యురేనియం-238లో సెకనుకు సుమారు 12,400 క్షయాలు. 0.84 శాతం చొప్పున 1001 కిరణాలు సెకనుకు 104 వస్తాయి. 0.59 చొప్పున అయితే 73. అంటే పాత అంకెతో లెక్కించేవాడు అదే శిఖరాన్ని చూసి, ఉన్నదానికంటే 42 శాతం ఎక్కువ యురేనియం ఉందని చెబుతాడు. అణు పదార్థాల ఖాతాల్లో గ్రాముల దగ్గర పట్టింపు ఉన్నచోట ఇది చిన్న తేడా కాదు. డిటెక్టరులో లోపం లేదు, కొలిచినవాడి చేతిలో లోపం లేదు. ఉన్నదల్లా పుస్తకంలోని అంకె పాతబడటమే.

ఆ సాయంత్రం మా పట్టికలో మూడు కొత్త నిలువు గడులు చేరాయి: ఈ అంకె ఏ మూల్యాంకనంలోది, ఏ సంవత్సరంలోది, దాని అనిశ్చితి ఎంత. ఈ మూడూ నింపని అంకెను పట్టికలోకి రానివ్వకూడదని గట్టిగా చెప్పాను.

జులై, మొదటి వారం

186 కేఈవీ దగ్గర ఆగిపోయాం. ఆగాల్సిన చోటే అది.

యురేనియం-235 రేఖ 185.7. రేడియం-226 రేఖ 186.2. మధ్య దూరం అర కేఈవీ. మంచి జెర్మేనియం డిటెక్టరు కూడా ఆ శక్తి దగ్గర ఒక కేఈవీకి అటూ ఇటూగా వెడల్పున్న శిఖరాన్ని చూపిస్తుంది కాబట్టి రెండూ ఒకే శిఖరంగా వస్తాయి. మా సోడియం అయొడైడ్‌లో శిఖరం వెడల్పే పదిహేను, ఇరవై కేఈవీలు, ఇక వేరు చేసే ప్రశ్నే లేదు.

అలాగని ఈ జంటను లెక్కతో విడదీయలేమా? ఖనిజంలో అయితే విడదీయవచ్చు. ప్రకృతిలోని యురేనియంలో 235 ఐసోటోపు 0.72 శాతం. దాని అర్ధాయువు 70.4 కోట్ల సంవత్సరాలు, 238ది 446.8 కోట్లు. ఈ అంకెలను కలిపితే క్షయాల నిష్పత్తి 0.046 వస్తుంది, అంటే 238 వందసార్లు క్షయమైతే 235 నాలుగున్నరసార్లు క్షయమవుతుంది. కదిలించని పాత ఖనిజంలో రేడియం-226 క్షయాలు 238తో సమానం. 235 వైపు 0.046ను 0.572తో గుణిస్తే 0.0263. రేడియం వైపు తీవ్రత 3.56 శాతం, అంటే 0.0356. మొత్తం శిఖరంలో యురేనియం-235 వాటా 42, 43 శాతం, రేడియం వాటా 57, 58 శాతం. యురేనియం శిఖరమని అందరూ పేరుపెట్టి పిలిచే దానిలో సగానికి మించి రేడియందే.

ఇది ఖనిజానికి మాత్రమే వర్తిస్తుంది. కడప జిల్లా తుమ్మలపల్లెను తీసుకోండి. అక్కడ యురేనియం డోలమైటు సున్నపురాతిలో ఉంది కాబట్టి ఆమ్లంతో కాకుండా క్షారంతో కరిగించి తీస్తారు. కరిగిన యురేనియం ఒక దారిన పోతుంది, రేడియం చాలావరకు వ్యర్థపు బురదతో మిగిలిపోతుంది. శుద్ధయిన పదార్థంలో 186 శిఖరం యురేనియం-235ది మాత్రమే. బురదలో చాలావరకు రేడియందే. మూడూ ఒకే గని నుంచి వచ్చినవే, మూడింటిలోనూ శిఖరం 186 దగ్గరే నిలబడుతుంది, అర్థం మాత్రం మూడు రకాలు.

తేడా పసిగట్టే ఉపాయం పక్క రేఖల్లో ఉంది. రేడియం ఉంటే దాని సంతానమైన సీసం-214 రేఖలు 295, 352 దగ్గర, బిస్మత్-214 రేఖలు 609, 1120, 1764 దగ్గర కనిపిస్తాయి. మూత బిగించి రాడాన్ వాయువు బయటికి పోకుండా మూడు నాలుగు వారాలు ఉంచితేనే ఆ సంతానం రేడియంతో సమతాస్థితికి వస్తుంది, లేకపోతే 609ని చూసి రేడియాన్ని తక్కువగా అంచనా వేస్తారు. ఈ సంగతి తెలియాలంటే నమూనాను ఎప్పుడు మూసారో రాసి ఉండాలి. ప్రపంచంలో వర్ణపటాలు పంచుకునేవారిలో ఎంతమంది ఆ తేదీ రాస్తారన్నది వేరే సంగతి.

మా పట్టికలో 186కు ఒక వరుస సరిపోదు. మూడు వరుసలు పెట్టాం: ఖనిజం, శుద్ధి చేసిన యురేనియం, వ్యర్థం. శక్తులు, తీవ్రతలు మారకపోయినా ఏ వరుసను ఎప్పుడు వాడాలో పక్కన రాశాం. "ఇది డేటా కాదు సార్, వ్యాఖ్యానం" అన్నాడు రెండో విద్యార్థి. వ్యాఖ్యానం లేని డేటాతో అతను 186 దగ్గర ఏం చేస్తాడో చూపించమన్నాను. మరుసటి రోజు మూడు వరుసలూ అతనే నింపాడు.

జులై, చివర

చేతిలో ఉన్న వాటితో కొలతలు. యురేనియం, మోనజైట్ జోలికి పోకుండా మాకు దొరికేవి మూడు.

మొదటిది ఎరువుల దుకాణంలోని పొటాష్. పొటాషియం క్లోరైడ్‌లో సగానికి కొంచెం పైన, 52 శాతం పొటాషియమే. గ్రాము పొటాషియంలో సెకనుకు సుమారు 31 క్షయాలు, అందువల్ల గ్రాము పొటాష్‌లో సుమారు 16. అర కిలో డబ్బాలో సెకనుకు ఎనిమిది వేలకు పైగా క్షయాలు, వాటిలో 1461 కిరణాలు ఎనిమిది, తొమ్మిది వందల మధ్య. ఖరీదు తక్కువ, లైసెన్సు అక్కర్లేదు, అర్ధాయువు 125 కోట్ల ఏళ్లు కాబట్టి ఎప్పుడు కొన్నా ఒకటే. ఏ రెండు కాలేజీలైనా తమ డిటెక్టర్లను పోల్చుకోవడానికి ఇంతకంటే మంచి వస్తువు నాకు తెలియదు. సంచి మీద రాసిన పోషకాల శాతం పొటాషియం ఆక్సైడ్‌గా లెక్కించినది, మూలకంగా కాదు. ఆ మార్పిడి చేసుకోవాలి.

రెండోది పెట్రోమాక్స్ లైటు మాంటిల్. తెల్లని కాంతి కోసం వాటిలో థోరియం ఆక్సైడ్ వాడతారు. దానిలో థోరియం రేఖలన్నీ దొరుకుతాయనుకుంటాం: సీసం-212 రేఖ 238.6, థాలియం-208 రేఖలు 583, 2614, ఆక్టినియం-228 రేఖ 911. కొత్త ప్యాకెట్ తెరిచి రాత్రంతా కొలిస్తే మొదటి మూడూ బ్రహ్మాండంగా వచ్చాయి, 911 మాత్రం మొహమాటంగా ఒక మూల నిలబడింది. పుస్తకాల్లోని సమతాస్థితి నిష్పత్తికి ఎక్కడా పొంతన లేదు.

కారణం రసాయన శాస్త్రంలో ఉంది. థోరియాన్ని శుద్ధి చేసినప్పుడు థోరియం-232తో పాటు థోరియం-228 కూడా నిలుస్తుంది, ఎందుకంటే రెండూ ఒకే మూలకం. 232 నుంచి 228 పుట్టే గొలుసు మధ్యలో ఉండే రేడియం-228 వెళ్లిపోతుంది. అది తిరిగి పేరుకోవడానికి ఏళ్లు పడుతుంది, దాని అర్ధాయువు 5.75 ఏళ్లు. 911 కిరణం ఆ రేడియం సంతానానిది, కాబట్టి శుద్ధి చేసిన రోజున సున్నా నుంచి మొదలవుతుంది. 2614 మాత్రం 1.9 ఏళ్ల అర్ధాయువున్న థోరియం-228 వెంట నడుస్తుంది. మొదట నిండుగా ఉండి క్రమంగా తగ్గుతుంది, రేడియం పెరిగాక మళ్లీ లేస్తుంది. లెక్క వేస్తే శుద్ధి చేసిన సుమారు నాలుగున్నర ఏళ్లకు థోరియం-228 అడుగు తాకుతుంది, సమతాస్థితి విలువలో 42 శాతానికి. సరిగ్గా అప్పుడే రెండు రేఖల వెనకున్న క్షయాలు సమానమవుతాయి.

అంటే మాంటిల్ వర్ణపటం థోరియం గురించి ఎంత చెబుతుందో, దాని వయసు గురించీ అంతే చెబుతుంది. పంచుకున్న వర్ణపటాల్లో ఊరూ పేరూ లేని ఒక థోరియం ఫైలుంది. అందులో 911, 2614ల నిష్పత్తి చూసి ఇది శుద్ధయి ఏడాదో రెండేళ్లో అయి ఉంటుందని విద్యార్థిని అంచనా వేసింది. అంచనా తప్పో ఒప్పో తేల్చే దారి లేదు, ఎందుకంటే ఫైలులో నమూనా గురించి ఉన్నది ఒకే ఒక్క మాట: థోరియం.

మూడోది ఆసుపత్రుల్లోని పెట్ స్కానర్లలో వాడే లుటీషియం స్ఫటికపు ముక్క. ప్రకృతిలోని లుటీషియంలో 2.6 శాతం 176 ఐసోటోపు. దాని అర్ధాయువు సుమారు 3,700 కోట్ల ఏళ్లు, గామాలు 202, 307 దగ్గర వరసగా, దాదాపు ఒకే క్షణంలో వస్తాయి. ముక్కను డిటెక్టరుకు ఆనించి పెడితే 509 దగ్గర మరో శిఖరం లేస్తుంది. అలాంటి గామా ఏదీ లేదు. రెండు కిరణాలూ ఒకేసారి స్ఫటికంలో పడి, కూడిక ఒక్కటిగా నమోదవుతోంది. మా డిటెక్టరు దాన్ని పాజిట్రాన్లు నశించినప్పుడు వచ్చే 511 రేఖ నుంచి వేరు చేయలేదు. ముక్కను ఒక జాన దూరం జరిపితే 509 దాదాపు మాయమవుతుంది. కోబాల్ట్-60లో 1173, 1332ల కూడిక 2505 దగ్గర వచ్చేదీ ఇందుకే. దూరం రాయని వర్ణపటంలో కనబడే ప్రతి శిఖరాన్నీ నమ్మితే లేని ఐసోటోపులు పుట్టుకొస్తాయి.

ఆగస్టు

ఫైళ్ల గురించి కొంత. నెలంతా దీనికే పోయింది కానీ రాయడానికి సరుకు తక్కువ.

వర్ణపటమంటే నిజానికి ఒక పొడవాటి అంకెల వరస, ఒక్కో ఛానల్‌లో ఎన్ని పడ్డాయన్నది. దాన్ని దాచే పద్ధతులు మాత్రం తయారీదారులు తలా ఒకటి పెట్టుకున్నారు. కొన్ని ఆ కంపెనీ ప్రోగ్రాం లేకుండా తెరుచుకోవు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వాడుకలోకి తెచ్చిన ఎస్‌పీఈ అక్షర ఫైలు ఎవరైనా తెరిచి చదవగలిగేది. అమెరికా ప్రమాణమైన ఎన్42లో నమూనా, పరికరం, కాలం అన్నీ పేర్లతో సహా రాసుకోవచ్చు. మేం చేరుస్తున్న వర్ణపటాల భాండారం ఎన్42లో ఉంటుంది, వెంట ఎస్‌పీఈ ప్రతి కూడా ఉంటుంది. గ్రాఫు బొమ్మను వర్ణపటంగా పంపేవారికి మర్యాదగా జవాబు రాయాలని విద్యార్థులకు చెప్పాను. ఆ మర్యాద నాకు ఎక్కువకాలం నిలవడం కష్టం.

ఎస్‌పీఈలో తేదీ నెలతో మొదలవుతుంది, మనం రోజుతో మొదలుపెడతాం. ఒకచోటి నుంచి వచ్చిన కోబాల్ట్-57 ఫైలులో తేదీ 03/07 అని ఉంది. మార్చి 7వ తేదీయా, జులై 3వ తేదీయా? మధ్య 118 రోజులు. కోబాల్ట్-57 అర్ధాయువు 271.8 రోజులు కాబట్టి సోర్సు బలంలో నాలుగో వంతుకు పైగా తేడా వస్తుంది. దాని 122 కేఈవీ రేఖతో ఎవరైనా డిటెక్టరు సామర్థ్యం (వెలువడిన కిరణాల్లో ఎన్నిటిని పట్టుకుంటుందన్నది) లెక్కకట్టుకుంటే ఆ తేడా యురేనియం 186 మీదికి కూడా పాకుతుంది. ఇకనుంచి మా దగ్గర తేదీలో నెల పేరు అక్షరాల్లోనే ఉంటుంది.

ఇంకొకటి, కొలిచిన కాలం. గడియారం చూపించిన కాలం వేరు, డిటెక్టరు నిజంగా ఖాళీగా ఉండి లెక్కపెట్టిన కాలం వేరు. సోర్సు బలంగా ఉంటే రెండింటి మధ్య ఇరవై శాతం తేడా ఉండవచ్చు. రెండూ కావాలి.

సెప్టెంబరు, మొదటి సగం

చివరికి యురేనియం. మా చేతిలో లేకపోయినా, కళ్ల ముందుకు వచ్చింది.

1980లలో అమెరికా ప్రమాణాల సంస్థ, బెల్జియంలోని గీల్‌లో ఉన్న ఐరోపా కొలతల ప్రయోగశాల కలిసి ఒక యురేనియం ఆక్సైడ్ సమితిని తయారుచేశాయి. ఐదు అల్యూమినియం డబ్బాలు, ఒక్కోదానిలో 200 గ్రాముల ఆక్సైడ్, యురేనియం-235 ద్రవ్యరాశి శాతం వరసగా 0.31, 0.71, 1.94, 2.95, 4.46. అణు పదార్థాలను తనిఖీ చేసే ప్రయోగశాలలు వీటినే దగ్గర పెట్టుకుని తమ డిటెక్టర్లను సరిచూసుకుంటాయి. వాటి వర్ణపటాలు పంచుకున్నవి దొరికినప్పుడు మా గదిలో చిన్న పండగే జరిగింది.

ఈ డబ్బాల్లో నాకు ముచ్చటగొలిపే సంగతి లోపలి పొడి కాదు, అడుగు. డిటెక్టరు వైపు ఉండే అల్యూమినియం అడుగు రెండు మిల్లీమీటర్ల మందం, దాన్ని కచ్చితంగా చెక్కారు. ఎందుకంటే ఇక్కడ కొలత పద్ధతి ఇది: యురేనియం తన గామాలను తానే గట్టిగా మింగేస్తుంది. లోహమైతే రెండున్నర, మూడు మిల్లీమీటర్ల లోతు దాటి వచ్చే 186 కిరణం దాదాపు ఉండదు. పదార్థం అంతకంటే మందంగా ఉన్నప్పుడు డిటెక్టరు చూసేది పైపొరనే, వెనక కిలో ఉన్నా పది కిలోలు ఉన్నా ఒకటే. అప్పుడు 186 లెక్క నేరుగా యురేనియం-235 శాతానికి అనులోమంగా ఉంటుంది. బరువు తూచకుండానే సంపన్నత, అంటే ఆ యురేనియం-235 శాతం, చెప్పేయవచ్చు. ఆక్సైడ్ పొడికి మందం ఎక్కువ కావాలి, సూత్రం మారదు.

ఇంత సులువైన పద్ధతిని చెడగొట్టేది డబ్బా గోడ. విద్యార్థులు శోషణ గుణకాలతో లెక్క వేశారు. రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం 186 కిరణాల్లో ఆరేడు శాతాన్ని ఆపుతుంది, అంతే మందం ఉక్కు ఐదో వంతుకు పైగా ఆపుతుంది. ప్రమాణపు డబ్బాతో సరిచూసుకుని, ఉక్కు డబ్బాలోని యురేనియాన్ని దిద్దుబాటు లేకుండా కొలిస్తే 4.46 శాతం పదార్థం మూడున్నర, నాలుగు మధ్యకు దిగిపోతుంది. పంచుకున్న ఒక ఫైలులో డబ్బా గురించి ఏమీ లేదు. దాన్ని మేం భాండారంలో ఉంచాం గానీ, శక్తుల గుర్తింపుకు మాత్రమే వాడాలనీ లెక్కలకు వాడకూడదనీ పైన రాశాం.

ఐదు డబ్బాల వర్ణపటాలను జెర్మేనియం స్థాయి నుంచి మా సోడియం అయొడైడ్ స్థాయికి మసకబార్చి చూశాం. అంటే ప్రతి శిఖరాన్నీ మా డిటెక్టరు చూపించేంత వెడల్పుకు పరచడం. ఇలా చేస్తే ఇక్కడి విద్యార్థి యురేనియం తాకకుండానే అది మా పరికరంలో ఎలా కనబడుతుందో చూడగలడు. సామర్థ్యం తేడాలు అలాగే మిగిలిపోతాయి కాబట్టి పోలిక ఆకారానికే పరిమితం. 0.71, 4.46 డబ్బాల నడుమ 186 శిఖరం ఆరు రెట్లకు కొంచెం పైగా పెరగాలి, మసకబార్చాక కూడా దాదాపు అలాగే వచ్చింది. 0.31 దగ్గర మాత్రం ఇబ్బంది. ప్రొటాక్టినియం పెద్ద కిరణాలు చెదిరి పడిన గుట్ట మీద యురేనియం-235 శిఖరం బలహీనంగా తేలుతుంది. కింది గుట్టను ఎక్కడ గీత గీసి తీసేస్తావన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. ఇద్దరు విద్యార్థులు రెండు గీతలు గీశారు, రెండు జవాబులు వచ్చాయి. రెండు గీతలనూ ఫైలులో ఉంచాం.

దిగువ శక్తుల ప్రాంతం మాకు అందదు. అంత పక్కపక్కన ఉన్న రేఖలను విడదీయడం జెర్మేనియానికే సాధ్యం. థోరియం-234 జంట రేఖలు 92.4, 92.8, వాటి పక్కనే యురేనియం-235 క్షయంలో పుట్టే థోరియం ఎక్స్‌కిరణం 93.3, ఆపైన యురేనియం సొంత ఎక్స్‌కిరణాలు 94.7, 98.4. ఈ గుంపును విడదీసి, ప్రమాణపు డబ్బా అవసరం లేకుండానే సంపన్నత చెప్పే ప్రోగ్రాములు ఉన్నాయి. పట్టికలో రేఖలు రాశాం, అంతే.

సెప్టెంబరు, చివర

ప్లుటోనియం పేజీ. చిన్నదే.

గీల్ ప్రయోగశాల ప్లుటోనియానికి కూడా నాలుగు నమూనాల సమితి చేసింది. 93, 84, 70, 61 అనే సంఖ్యలతో పిలుస్తారు, అవి సుమారుగా ప్లుటోనియం-239 శాతాలు. రేఖలు రాసుకున్నాం: 239కి 129, 414, 241కి 148.6, 238కి 152.7, 240కి 160.3. ఈ చివరిదానికి రెండు పక్కలా 241, 239ల రేఖలు అతుక్కుని ఉంటాయి. 242కు కొలవదగ్గ గామా లేదు, మిగతా ఐసోటోపుల నుంచి ఊహించుకోవలసిందే.

ఇక్కడ తేదీ సంగతి మరీ ముఖ్యం. ప్లుటోనియం-241 అర్ధాయువు 14.3 ఏళ్లు. నమూనాలో ఏ ఐసోటోపు ఎంత ఉందో చెప్పే ధ్రువపత్రం రాసిన నాటినుంచి రెండు అర్ధాయువులు దాటితే అది నాలుగో వంతుకు తగ్గిపోతుంది, దాని చోట అమెరీషియం-241 పేరుకుని 59.5 కేఈవీ దగ్గర అరుస్తూ ఉంటుంది. పాత నమూనాను ఇవాళ కొలిచినవాడి వర్ణపటం ధ్రువపత్రంలోని అంకెలతో కలవదు, కలవకూడదు కూడా. అందుకే ప్రతి ప్లుటోనియం వరుసకు రెండు తేదీల గడులు పెట్టాం: ధ్రువపత్రానిదొకటి, కొలతదొకటి.

అక్టోబరు

పరీక్ష. మరో ఊరి కాలేజీలో మూడంగుళాల డిటెక్టరు ఉంది. వాళ్లకు మా పట్టిక, నమూనా, కొలత వివరాలు నింపే ఫారం పంపించి, పొటాష్, మాంటిల్ కొలిచి ఫైళ్లు పంపమన్నాం. ఫలితం ఎంత రావాలో చెప్పలేదు.

పొటాష్ కలిసింది. వాళ్ల ఫైలులో ఉన్న వివరాలతోనే, డబ్బా ఎత్తు, వ్యాసం, దూరం తీసుకుని విద్యార్థిని సామర్థ్యం లెక్క వేస్తే గ్రాముకు 16 క్షయాల దగ్గరే తేలింది. మాంటిల్ కలవలేదు. వాళ్ల మాంటిల్‌లో 911 నిటారుగా నిలబడి ఉంది. ఫారంలో చూస్తే ప్రయోగశాల బీరువాలో చాలా ఏళ్లుగా ఉన్న పాత ప్యాకెట్ అని రాశారు. ఆ గడి లేకపోతే రెండు డిటెక్టర్లలో ఒకదానిలో లోపం వెతుకుతూ కూర్చునేవాళ్లం.

ఫారం గురించి వాళ్ల ఫిర్యాదు ఒకటి వచ్చింది: గడులు మరీ ఎక్కువ. న్యాయమైన ఫిర్యాదే. విద్యార్థులతో కూర్చుని ఒక్కొక్క గడికీ, ఇది లేకపోతే ఏ లెక్క ఆగిపోతుందో చెప్పమన్నాను. చెప్పలేని వాటిని కొట్టేశాం. కొలిచినవారి హోదా పోయింది, గది ఉష్ణోగ్రత మాత్రం నిలిచింది, ఎందుకంటే సోడియం అయొడైడ్ శిఖరాలు ఎండ ఎక్కువగా ఉన్న రోజుల్లో పక్కకు జరుగుతాయి. నమూనా శుద్ధయిన లేదా కొన్న కాలం, మూత బిగించిన తేదీ, డబ్బా గోడ ఏ లోహం, ఎంత మందం, డిటెక్టరు నుంచి దూరం, రెండు రకాల కాలాలు, నమూనా లేకుండా తీసిన నేపథ్య వర్ణపటం. ఇవి నింపకపోతే ఫైలును ప్రోగ్రామే తిరగ్గొడుతుంది.

నిన్న ఆ కాలేజీవారే ఇంకో ఫైలు పంపారు. తెలిసినవారి లాంథనం బ్రోమైడ్ డిటెక్టరుతో తీసిన పొటాష్ వర్ణపటం. శిఖరాలు మావాటికంటే చాలా సన్నగా, అందంగా ఉన్నాయి. కానీ ఆ స్ఫటికంలోని లాంథనం-138 స్వయంగా రేడియోధార్మికం. దాని 1436 కిరణం, బేరియం ఎక్స్‌కిరణంతో కలిసి 1470 ప్రాంతంలో చేసే కూడిక, మధ్యలో మన పొటాషియం 1461. అంతేకాక ఆక్టినియం కల్తీ వల్ల వచ్చే ఆల్ఫా కణాలు 1764, 2614 ఉన్న మేరలో గుట్టలు వేస్తాయి. నమూనా వర్ణపటం నుంచి గది నేపథ్యాన్ని తీసేయడం వేరు, డిటెక్టరు తనలో తాను చేసే చప్పుడును తీసేయడం వేరు. ఫారంలో దానికి గడి లేదు. సోమవారం అది చేర్చి, ఆ స్ఫటికం ఒంటరిగా సీసం మధ్య ఉన్నప్పుడు తీసిన ఫైలు కూడా పంపమని వాళ్లకు రాయాలి.